కోట ముందరి మైదానము: చెన్నపట్టణపు నడిబొడ్డు పుట్టిన కథ

చెన్నపట్టణమున హైకోర్టుకు ఎదురుగా, పారీస్ కార్నర్ అని అందరును పిలిచెడి కూడలిలో, డేర్ హౌస్ అను పెద్ద భవనమొకటి కలదు. దాని మూలన పైకి పోను పోను సన్నగిల్లిన స్తంభమొకటి నిలిచియున్నది. బస్సుకై పరుగెత్తువారు గాని, మూటలు మోయు కూలీలు గాని, నల్లకోటు వకీళ్లు గాని దానివంక తల త్రిప్పి చూడరు. చూచినవారికిని అది ఏ దొర సమాధి గుర్తో యనిపించును. నిజమునకు అది ఒక హద్దు. 1773లో ఇంగ్లీషు కుంపిణీవారు ఇట్టి స్తంభములను ఆరింటిని వరుసగా నిలిపిరి. ఈ వరుసకును సెయింట్ జార్జి కోటకును నడుమ ఎవ్వరును ఇల్లు కట్టరాదని వాని యర్థము. ఆరింటిలో నేడు మిగిలినది ఇది యొక్కటే.

ఇల్లు కట్టరాదని ఎందుకు శాసించిరి? ఆ మైదానమున అంతకు పూర్వము ఏమి యుండెను? అచ్చట నుండినవారు ఎక్కడికి పోయిరి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరకినచో, జార్జిటౌను అను పేట పుట్టుక మనకు తెలిసినట్లే. రెండు శతాబ్దములకు పైగా దక్షిణ దేశపు వర్తకమునకు గుండెకాయగా నిలిచిన ఆ పేటకును, మన తెలుగువారికిని గల సంబంధము చిన్నది కాదు. అందుచే ఈ ప్రసంగమున మేము శ్రోతలను ఆ వీధులలోనికి తీసికొనిపోదలచితిమి.

కథ మన తీరముననే మొదలైనది. ఇంగ్లీషు కుంపిణీవారు 1611లో మచిలీపట్టణమున వర్తకశాల పెట్టిరి. అచ్చటి అధికారుల వసూళ్లకును, డచ్చివారి పోటీకిని వేసారి, 1626 ప్రాంతమున దక్షిణముగా నెల్లూరి సీమలోని దుగరాజపట్టణమునకు జరిగిరి. దానిని వారు ఆర్మగామ్ అనిరి. అచ్చటను వారికి కావలసిన అద్దకపు బట్టలు చాలినన్ని దొరకలేదు. అప్పుడు ఫ్రాన్సిస్ డే అను ఉద్యోగి ఇంకను దక్షిణమునకు పోయి, పోర్చుగీసువారి శాంతోమునకు ఉత్తరముగా నున్న ఇసుక దిబ్బను ఎంచుకొనెను. అది ఓడరేవు కాదు. కెరటముల ధాటికి ఓడలు ఒడ్డు చేరలేవు. సరకులను, మనుష్యులను మసూలా పడవలలో దింపవలసినదే. కొబ్బరినారతో కుట్టిన ఆ పడవలకు మేకు అన్నది లేదు. ఇంతటి చెడ్డ రేవును డే ఎంచుకొనుటకు కారణము చుట్టుపట్ల గ్రామములలో నేతపని విరివిగా సాగుచుండుట, బట్ట చౌకగా దొరకుట.

ఆ నేలకు ప్రభువు దామెర్ల వేంకటాద్రి నాయకుడు. విజయనగర రాజుల చివరి వంశమువారికి లోబడి వందవాసినుండి పాలించుచుండెను. ఆయన సోదరుడు అయ్యప్ప నాయకుడు పూందమల్లిలో నుండెను. 1639 ఆగస్టులో వీరు డేకు కౌలు ఇచ్చిరి. కోటను ఆనుకొని వెలసిన ఊరికి నాయకుల తండ్రి చెన్నప్ప నాయకుని పేర చెన్నపట్టణమను పేరు వచ్చెను. ఉత్తరమున నున్న మదరాసపట్టణమను గ్రామము పేరును ఇంగ్లీషువారు పట్టుకొనిరి. చెన్నప్ప పేరును మనవారు పట్టుకొనిరి. మూడున్నర శతాబ్దముల తరువాత, 1996లో, ఆ నగరమునకు చెన్నై యను పేరే అధికారికముగా స్థిరపడినది. ఒక తెలుగు నాయకుని పేరు ఆ విధముగా నేటికిని కోట్లాది జనుల నోట నానుచున్నది.

1640 ఫిబ్రవరిలో డేయును, ఆండ్రూ కోగన్ అను అధికారియును ఆ ఇసుకలో కాలు మోపి కోట పని ప్రారంభించిరి. లండనులోని యజమానులకు ఈ ఖర్చు నచ్చలేదు. వారు ఎంత గొణిగినను కోట లేచెను. మరుసటి సంవత్సరమున మచిలీపట్టణపు ప్రధాన కార్యాలయము ఇచ్చటికి మారెను. గోడలు కట్టుట సులభము. గోడల చెంత జనమును నిలుపుట కష్టము. తినుటకు, త్రాగుటకు, కట్టుటకు వచ్చు వస్తువులపై ముప్పది యేండ్లు సుంకము లేదని చాటింపు వేయించిరి. నేతగాండ్రు, అద్దకపువారు, చాకలివారు, వడ్రంగులు, దుబాసీలు వచ్చిరి. బేరి తిమ్మన్న, ఆ తరువాత కాసి వీరన్న వంటి వర్తకులు కుంపిణీకిని, నేతగాండ్రకును నడుమ నిలిచి సరకు సమకూర్చిరి. వీరు లేనిదే కోటలోని దొరకు ఒక తాను గుడ్డయైన దొరకెడిది కాదు.

కోట లోపల తెల్లవారి పట్టణము. దానికి ఉత్తరపు గోడను ఆనుకొని నల్లవారి పట్టణము, అనగా బ్లాక్‌టౌన్. ఈ పేరులోనే ఆ కాలపు తారతమ్యమంతయు కలదు. అయినను కొలువు, కొనుగోలు, పంచాయితీ, పండుగ అన్నియు ఆ రెండవ పట్టణముననే. దాని నడుమ చెన్నకేశవ పెరుమాళ్ల గుడియు, చెన్నమల్లేశ్వరుని గుడియు ఉండెను. జనులు వానిని పట్టణపు గుడి యనిరి. ఊరి కావలికి పెద్దనాయకుడను వంశపారంపర్యపు అధికారి తన తలారులతో నుండెడివాడు. పోయిన సొత్తును వెదకి తెచ్చు బాధ్యత ఆయనది. తేలేనిచో నష్టమిచ్చుకొనవలసినదియు ఆయనయే. ఈ పట్టణమునకు పడమరగా పెద్దనాయకునిపేట, తూర్పుగా సముద్రము వైపు ముత్యాలపేట పెరిగినవి. 1688లో నగరసభ కూడ ఏర్పడెను. మన దేశమున ఇంతకన్న పాత నగరసభ లేదు.

ఊరు పెరిగినకొలది కలహములును పెరిగినవి. కుడిచేతి కులములు, ఎడమచేతి కులములు అని వర్తకులును, వృత్తిపనివారును రెండు కక్షలై, ఎవరి పెండ్లి ఊరేగింపు ఏ వీధిన పోవలెనన్న వాదమునకు దిగిరి. 1707లో ఇది ముదిరి, కుడిచేతివారు అనేకులు ఇండ్లు విడిచి శాంతోమునకు తరలిపోయిరి. గవర్నరు థామస్ పిట్ దిగివచ్చి రాజీ చేయవలసివచ్చెను. పెద్దనాయకునిపేట ఒకరికి, ముత్యాలపేట ఒకరికి అని ఏర్పాటు జరిగెను. ఈ తగవును మేము మెచ్చుకొనుటకు చెప్పలేదు. పనివారు లేచిపోయినచో కోట పస్తుండునని గవర్నరునకు బాగుగా తెలియునని చూపుటకే చెప్పితిమి.

1746లో పరాసువారు సముద్రముపై వచ్చిరి. లా బుర్దొన్నే నాయకత్వమున కోటను ముట్టడించి కొద్ది దినములలోనే పట్టుకొనిరి. నల్లవారి పట్టణపు ఇండ్లు కోటగోడకు ఎంత చేరువగా నున్నవనగా, శత్రువు వాని చాటున పొంచి గోడదాక రాగలడు. ఈ సంగతి గ్రహించిన పరాసువారు కోటను తాము కాపాడుకొనుటకై గోడకు దగ్గరి ఇండ్లను పడగొట్టిరి. ఐరోపాలో కుదిరిన సంధి ననుసరించి 1749లో ఇంగ్లీషువారికి కోట తిరిగి వచ్చెను. వారు కూడ ఆ పాఠమునే నేర్చుకొని, మిగిలిన ఇండ్లను తామే కూల్చిరి. పట్టణపు గుడియు కూలిపోయెను. 1758 డిసెంబరులో లాలీ మరల ముట్టడించి రెండు నెలలపాటు గుండ్లు కురిపించెను. 1759 ఫిబ్రవరిలో ఇంగ్లీషు ఓడలు కనబడుటతో ఆ ముట్టడి ముగిసెను. ఆ తరువాత కోటముందు ఇక ఏ ఇల్లును ఉండరాదని నిశ్చయమయ్యెను.

శ్రోతలు ఒక్క క్షణము ఆలోచింపుడు. నూరేండ్ల క్రిందట ఏ జనమును బ్రతిమాలి, సుంకము మాఫీచేసి పిలిపించిరో, ఆ జనపు మనుమలు, మునిమనుమల గడపలను ఫిరంగి గుండుకు అడ్డు వచ్చుచున్నవని తీసివేసిరి. ఆ ఖాళీ నేలకు ఎస్ప్లనేడ్ అని పేరు. ఎస్ప్లనేడ్ అనగా నడకకు, షికారుకు అనువైన తావని పిమ్మట అర్థము వచ్చినది. మొదట దాని యర్థము కోటపై ఫిరంగివానికి అడ్డులేని చూపు. దాని పొలిమేరయే మేము ఆరంభమున చెప్పిన స్తంభము.

ఇండ్లు పోయినవారు దేశాంతరము పోలేదు. హద్దు దాటి ఉత్తరమునకు, ముత్యాలపేట, పెద్దనాయకునిపేటల లోనికి జరిగిరి. పాత పేరును కూడ తమతో మోసికొనిపోయిరి. నాటినుండి ఆ పేటలే బ్లాక్‌టౌన్ అయినవి. దేవుని సంగతి కూడ వారు మరువలేదు. గవర్నరు పిగట్ దుబాసీయైన మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనుకొనగా, కుంపిణీ స్థలమిచ్చెను. పురజనులు చందాలు వేసికొనిరి. 1760 తరువాతి దశాబ్దమున చెన్నకేశవునకును, చెన్నమల్లేశ్వరునకును ప్రక్కప్రక్కన క్రొత్త గుడులు లేచినవి. నేటికిని పూలబజారు దాపున ఆ జంట గుడులను చూడవచ్చును. పాత గుడి యున్న తావున ఇప్పుడు హైకోర్టు ఆవరణము కలదు.

హద్దు లోపల కోటకు రక్షణ దొరకెను గాని, హద్దు వెలుపలి జనమునకు దొరకలేదు. 1767లో మైసూరు ఆశ్వికదళము నగరపు శివారులను దోచెను. 1769లో హైదరలీ స్వయముగా పరంగిమల దాక వచ్చి సంధి వ్రాయించుకొనెను. అప్పుడు గాని కుంపిణీవారు ఉత్తరమునను, పడమరను బ్లాక్‌టౌనునకు గోడ కట్టింపలేదు. కట్టిన పిదప దాని ఖర్చును పురవాసులే పన్నుగా ఇచ్చుకొనవలెననిరి. ఆ పన్ను చట్టసమ్మతమా యను సందేహము వచ్చి అది ఎన్నడును వసూలు కాలేదు. గోడయు చాలవరకు పోయెను. కాని గోడ వెంబడి వేసిన దారికి మాత్రము వాల్ టాక్స్ రోడ్డను పేరు నిలిచెను. వసూలు కాని పన్ను పేరుతో ఒక పెద్ద వీధి యుండుట లోకమున అరుదు. గోడ తునుక యొకటి రాయపురము వైపున మాడిపూంగా అనుచోట నిలిచియున్నది.

రెండు పేటల నడుమ పల్లపు నేలయు, మురుగు కాలువయు నుండెను. స్టీఫెన్ పోఫమ్ అను న్యాయవాది 1780 తరువాత ఆ పల్లమును పూడ్పించి, దానిమీదుగా దక్షిణోత్తరముగా వెడల్పైన వీధి తీయించెను. దానికి పోఫమ్స్ బ్రాడ్వే అని పేరు వచ్చెను. ఒకప్పుడు రెండు కక్షలను వేరుచేసిన కాలువ ఇట్లు ఇరువురును నడచు బాటయైనది. ఈ వీధి పేరును శ్రోతలు గుర్తుంచుకొనవలెను; దానితో మాకు మరల పని కలదు.

ఈ ప్రసంగమునకై ఒక ఉదయమెల్ల మేము ఆ వీధులలో తిరిగి, గోడలమీది పేర్లు చదివితిమి. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, ఎర్రబాలుచెట్టి వీధి, కాశిచెట్టి వీధి, గోవిందప్ప నాయకుని వీధి. కోటలో అధికారము చెలాయించిన గవర్నరుల పేర్లు ఇచ్చట వెదకినను అరుదు. ఈ పేర్లన్నియు వర్తకులవి, దుబాసీలవి. పగడపు వర్తకుల వీధి యొకటి. 1772 నాటి చర్చి గల అర్మీనియనుల వీధి యొకటి. టంకశాల పేర మింటు వీధి యొకటి. షావుకారుపేటలో గుజరాతీలు, మార్వాడీలు. సముద్రము వైపున తమిళులు, తెలుగువారు, ముస్లిములు, ఆంగ్లేయులు. ఒక్కొక్క వీధి ఒక్కొక్క సరకునకు ప్రసిద్ధి. కాగితము ఒకచోట, ఇనుము ఒకచోట, గాజులు ఒకచోట.

పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్ల వర్తక సంస్థలు సముద్రపు టొడ్డున బారులు తీర్చినవి. 1788లో వ్యాపారము మొదలిడిన థామస్ పారీ పేరు ఆ మూలకు శాశ్వతముగా అంటుకొనెను. 1861లో సముద్రములోనికి ఇనుప వంతెన కట్టిరి. 1876లో రేవు పని ప్రారంభించిరి. 1881 నాటి తుపాను దానిని విరుగగొట్టెను. మరల కట్టిరి. 1904 నుండి సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ పర్యవేక్షణమున అది నిజమైన ఓడరేవయ్యెను. మసూలా పడవల కాలము తీరిపోయెను. నడుమ, 1892లో, ఎస్ప్లనేడ్ మైదానముపై ఎర్ర ఇటుకల హైకోర్టు లేచెను. దాని గుమ్మటముపైని దీపమే 1977 వరకు నావికులకు దారి చూపెను. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ విసరిన గుండ్లు నూనె తొట్లను తగులబెట్టినవి. ఒకటి హైకోర్టు గోడను తాకెను. లాలీ తరువాత ఆ తావున శత్రువుల గుండు పడుట అదియే.

ఈ పేట మన తెలుగువారికి వర్తకస్థానము మాత్రమే కాదు. చదువు నేర్చినవారికి అది చాలకాలము రాజధాని. సుప్రీము కోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణమునుండియే కాశీయాత్రకు బయలుదేరి, చూచినదెల్ల తెలుగున వ్రాసెను. గాజుల లక్ష్మీనరసు చెట్టి 1844లో క్రెసెంటు పత్రికను నడపి, 1852లో మదరాసు స్వదేశీయ సంఘమును స్థాపించి, కుంపిణీ పాలనలోని బాధలను పార్లమెంటు చెవిని వేసెను. 1854లో పుట్టిన వావిళ్లవారి ముద్రాలయపు పుస్తకములపై ఎస్ప్లనేడ్ అను చిరునామా మన పెద్దలందరికిని పరిచితము. ఫిరంగులకై ఖాళీచేసిన నేల యంచున మన కావ్యములు అచ్చుపడి ఊరూరికిని పోయినవి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1914లో ఆంధ్రపత్రికను బొంబాయినుండి తెచ్చి ఇచ్చట దినపత్రికగా నడపెను. తంబుచెట్టి వీధియే దానికి నెలవు. 1901లో పొట్టి శ్రీరాములు జన్మించినదియు ఈ పేటలోని అణ్ణాపిళ్ళ వీధిలోనే.

1906లో బ్లాక్‌టౌన్ అను పేరు తీసివేసిరి. అప్పుడు మన దేశమునకు వచ్చిన యువరాజు, తరువాతి అయిదవ జార్జి చక్రవర్తి పేర జార్జిటౌనని పిలిచిరి. అవమానకరమైన పేరు పోయినందుకు సంతోషింపవలసినదే. అయినను ఆ నేలను రెండుమారులు కట్టుకొన్నవారి పేరు ఏదియు పేటకు పెట్టలేదు.

ఇక బ్రాడ్వే మాట. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను కమీషను బొంబాయిలో దిగెను. దేశమెల్ల హర్తాళము జరిగెను. మదరాసున హైకోర్టు ప్రాంతమున జనము గుమికూడగా పోలీసులు కాల్పులు జరిపిరి, ఒకడు మరణించెను. ఆ కళేబరమును చూడబోయిన టంగుటూరి ప్రకాశము పంతులును తుపాకులతో అడ్డిరి. ఆయన చొక్కా గుండీలు విప్పి, రొమ్ము చూపి, కాల్చుకొమ్మనెను. ఆ తుపాకులు క్రిందికి దిగినవి. ఆంధ్రకేసరి యని ప్రజలు ఆయనను కొనియాడిరి. ఇది జరిగిన తావు పారీస్ కార్నరు దాపు. అనగా కోటలోని ఫిరంగికి అడ్డు ఉండరాదని ఊరిని తీసివేసిన మైదానపు అంచు. నూట యేబది యేండ్లకు పూర్వము ఆ నేలపై ఇల్లు గాని, గోడ గాని ఉండరాదనిరి. ఒక మనుష్యుడు నిలిచెను.

1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు చెన్నపట్టణము మనకు రాలేదు. ఆ బాధ పెద్దవారిలో చాలకాలముండెను. ఆ క్రొత్త రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి ప్రకాశము పంతులే. తమిళుల రాజధానియైన ఆ నగరము ఆయనను పరాయివానిగా చూడలేదు. పోఫము తీయించిన బ్రాడ్వేకు ప్రకాశము పేరు పెట్టిరి. తమిళమున వ్రాసిన ఆ పేరును వీధి మొగదల చదివినపుడు మా మనసు నిండెను. రాష్ట్రముల హద్దులు ఎట్లు గీసినను, నగరము తనకై నిలిచినవానిని గుర్తుంచుకొనునని మాకు తోచెను.

ఇటీవలి దశాబ్దములలో జార్జిటౌను పూర్వపు ఏకఛత్రాధిపత్యము తగ్గినది. పెద్ద కార్యాలయములు మౌంటు రోడ్డుకును, అంతకు దూరమునకును పోయినవి. కొత్వాలు చావడి కూరగాయల బజారు 1996లోను, దూరపు బస్సుల నిలయము 2002లోను కోయంబేడు చేరినవి. 2019లో హైకోర్టు దాపున మెట్రో రైలు భూమిక్రింద పరుగిడసాగెను. అయినను ఉదయము పది గంటలకు ఆ సందులలో కాలు పెట్టిన వానికి, తోపుడు బండ్లు, మోతకూలీలు, బేరములాడు నాలుగైదు భాషలు ఒక్కసారిగా ఎదురగును. పొమ్మన్నచో పోయి, హద్దు కావల మరల దుకాణము తెరచిన ఆ పాతవారి చేవ నేటికిని చావలేదు.

శ్రోతలలో ఎవరైన ఈసారి చెన్నపట్టణమునకు పోయినచో, పారీస్ కార్నరు కడ ఒక నిమిషము నిలిచి, ఆ స్తంభమును చూచి రావలెనని మా కోరిక. దాని దక్షిణమున, కూల్చబడిన ఇండ్ల నేలపై, న్యాయస్థానము కలదు. దాని ఉత్తరమున, ఆ ఇండ్లవారు తిరిగి కట్టుకొన్న పట్టణము కలదు. దాని ప్రక్కగా ప్రకాశము వీధి సాగిపోవుచున్నది.